ముఖచిత్రం వెనుక పద్దు

అమెరికా స్త్రీల చరిత్ర రాసేవారు చట్టసభల రికార్డులనూ, జనాభా లెక్కలనూ, పాత ఉత్తరాలనూ ఎంత శ్రద్ధగా పరిశీలిస్తారో, దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ దేశంలో ఇంటింటికీ చేరుతూ వచ్చిన జనాదరణ పత్రికలనూ అంతే శ్రద్ధగా పరిశీలిస్తారు. జనాభా లెక్కల్లో కనిపించేది ఉన్న స్త్రీ అయితే పత్రికల్లో కనిపించేది ఎలా ఉండాలని ఎవరో కోరుకున్న స్త్రీ కనుక, ఆ కోరుకున్నవారెవరు, ఆ కోరికకు ఖర్చు భరించినదెవరు అన్న ప్రశ్నలు వేసుకోకుండా ఈ బొమ్మలను చూస్తే చరిత్ర సగమే బోధపడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు గృహలక్ష్మి మొదలుకొని 1970ల నాటి ఉద్యమకారిణి వరకు అక్కడి పత్రికలు స్త్రీకి ఇచ్చిన రూపాలు మారిన ఘట్టాలను గమనిస్తే, భావాల మార్పుతో పాటు పత్రికల జమాఖర్చుల్లో వచ్చిన మార్పు కూడా చాలాచోట్ల పనిచేసినట్టు తెలుస్తుంది.

ఈ చరిత్రలో తొలి పెద్ద పేరు ఫిలడెల్ఫియా నగరంలో 1830లో లూయీ గోడీ ప్రారంభించిన ‘గోడీస్ లేడీస్ బుక్’. దీనికి 1837 నుంచి 1877 వరకు, నలభై ఏళ్ళపాటు సంపాదకత్వం వహించిన సారా జోసెఫా హేల్, భర్త చనిపోయాక ఐదుగురు పిల్లలను సాకడానికి కలం పట్టిన వితంతువు. కథలు, కవితలు, కుట్టుపని నమూనాలు, వంటల వివరాలు ఉండే ఈ మాసపత్రికకు అసలు ఆకర్షణ, కొత్త దుస్తులు తొడుక్కున్న స్త్రీల రంగుల బొమ్మలు. రంగుల అచ్చు ఇంకా అందుబాటులోకి రాని కాలంలో, లోహపు పలకల మీద చెక్కి అచ్చువేసిన ఆ బొమ్మలకు వందమందికి పైగా స్త్రీలు కూలికి కూర్చుని చేత్తో రంగులు అద్దేవారు. అందుచేత ఒకే సంచికలో ఒక చందాదారుకు అందిన ప్రతిలోని గౌనుకూ, ఇంకొకరికి అందిన ప్రతిలోని గౌనుకూ రంగు కలవకపోవడం కూడా జరిగేది. ఏడాదికి 3 డాలర్ల చందా ఆ రోజుల్లో చిన్న మొత్తం కాకపోయినా, 1860 ప్రాంతానికి దీని ప్రతులు లక్షన్నరకు చేరాయి. ఉత్తరాది వారూ దక్షిణాది వారూ కూడా చందాలు కట్టే పత్రిక గనుక రాజకీయాలను లోపలికి రానివ్వకూడదన్నది యజమాని నియమం. దేశాన్ని రెండుగా చీల్చిన అంతర్యుద్ధం నాలుగేళ్ళు సాగినా, ఈ పత్రిక పుటల్లో దాని జాడ దాదాపు కనిపించదు.

ఆ కాలపు పత్రికలూ మతగ్రంథాలూ కలిసి చిత్రించిన ఆదర్శాన్ని చరిత్రకారిణి బార్బరా వెల్టర్ 1966లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో నాలుగు గుణాలుగా వివరించారు: దైవభక్తి, శీలం, విధేయత, గృహనిష్ఠ. బయటి ప్రపంచం పురుషుడి పోటీకి, సంపాదనకు చెందినదనీ, ఆ పోటీలో మలినమైన అతని మనసును ఇంట్లో కడిగి శుభ్రపరచడమే స్త్రీ ధర్మమనీ ఈ ఆదర్శం సారాంశం. హేల్ జీవితం దీనికి పూర్తిగా ఒదగదు. ఆడపిల్లల ఉన్నతవిద్యకోసం, వైద్యవృత్తిలో స్త్రీల ప్రవేశంకోసం ఏళ్ళ తరబడి రాసిన ఆమె, స్త్రీల ఓటు హక్కును మాత్రం వ్యతిరేకించారు. స్త్రీ స్థానం ఇల్లేనని నెలనెలా బోధిస్తూనే తాను జీతం తీసుకునే సంపాదకురాలిగా దేశంలో పేరు తెచ్చుకున్నారు. ఆ ఆదర్శంలో చోటు దొరకనివారు మరెందరో ఉన్నారు. దక్షిణాది పత్తి చేలల్లో బానిసలుగా బతికిన నల్లజాతి స్త్రీలకుగానీ, లోవెల్ పట్టణపు బట్టల మిల్లుల్లో పొద్దస్తమానం పనిచేసిన పల్లెటూరి అమ్మాయిలకుగానీ ఈ రంగుల బొమ్మల్లో రూపం లేదు. ఓటు హక్కు కోరినవారు సొంత పత్రికలు పెట్టుకోవలసి వచ్చింది. సెనెకా ఫాల్స్‌లో అమీలియా బ్లూమర్ 1849లో ఆరంభించిన ‘ది లిలీ’, సూసన్ ఆంథొనీ, ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌లు 1868లో తెచ్చిన ‘ది రెవల్యూషన్’ అలాంటివే. వాటి మాట పదునైనదే అయినా, వాటి పాఠకుల సంఖ్య గోడీ పత్రిక ముందు చాలా చిన్నది.

పత్రికల స్వభావాన్నే మార్చివేసిన పరిణామం 1880ల తరువాత వచ్చింది. పత్రికలను తక్కువ తపాలా రుసుముతో చేరవేసే చట్టం 1879లో వచ్చింది, కాగితం చౌకయింది, అచ్చు యంత్రాల వేగం పెరిగింది, సబ్బులు, డబ్బాల్లో నిలవచేసిన ఆహారం, కుట్టు మిషన్లు తయారుచేసే కంపెనీలు దేశమంతటా తమ పేరు తెలియజేయడానికి దారులు వెతుకుతున్నాయి. సైరస్ కర్టిస్ ఫిలడెల్ఫియాలో 1883లో ‘లేడీస్ హోమ్ జర్నల్’ ప్రారంభించి, తొలి సంపాదకత్వాన్ని తన భార్య లూయిసా నాప్‌కు అప్పగించారు. పాఠకురాలు ఇచ్చే చందాతో అచ్చు ఖర్చు కూడా పూర్తిగా గిట్టకపోయినా, లక్షల మంది గృహిణుల కళ్ళెదుట తమ సరుకును నిలబెట్టుకోవడానికి కంపెనీలు ఇచ్చే సొమ్ముతో లాభం గడించవచ్చన్నది ఆయన గ్రహించిన కిటుకు. పత్రిక స్త్రీలకోసమని లోకం అనుకుంటున్నా, అది నిజానికి ఉత్పత్తిదారులు స్త్రీలతో మాట్లాడుకోవడానికి ఏర్పాటైన వేదిక అని కర్టిస్ ప్రకటనకర్తల సమావేశంలోనే దాపరికం లేకుండా చెప్పినట్టు ప్రసిద్ధి. అంతవరకు పత్రిక సరుకు, పాఠకురాలు కొనుగోలుదారు. ఇక్కడినుంచి పాఠకురాలి చూపే సరుకయింది, కొనుగోలుదారు సబ్బుల కంపెనీ. 1903 ప్రాంతంలో ఈ పత్రిక చందాదారుల సంఖ్య పది లక్షలకు చేరింది. ఆ అంకెను అందుకున్న తొలి అమెరికన్ పత్రికల్లో ఇది ఒకటి.

ఆ విజయం చాలావరకు 1889 నుంచి 1919 వరకు సంపాదకుడిగా ఉన్న ఎడ్వర్డ్ బోక్‌ది. నెదర్లాండ్స్ నుంచి చిన్నతనంలో వలస వచ్చిన ఈయన ఇరవై ఆరేళ్ళ వయసులో, అప్పటికి పెళ్ళయినా కాకుండా, లక్షల మంది గృహిణులకు సలహాలిచ్చే కుర్చీలో కూర్చున్నారు. యువతుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షికను మొదట రూత్ ఆష్‌మోర్ అన్న ఆడపేరుతో తానే రాశారు. వచ్చిన ఉత్తరాల ఆంతరంగిక స్వభావం చూసి కంగారుపడి, దాన్ని ఒక రచయిత్రికి అప్పగించారు. ఆయన వ్యక్తిత్వంలో రెండు పాయలున్నాయి. సర్వరోగ నివారిణులంటూ అమ్ముడుపోయే సీసా మందుల ప్రకటనలను 1892లో నిషేధించారు. స్త్రీల వ్యాధులకు సలహాకోసం మిసెస్ పింకమ్‌కు ఉత్తరం రాయమని ఒక మందుల కంపెనీ ప్రకటిస్తూ ఉండగా, ఆమె 1883లోనే మరణించారని తెలిపే సమాధిరాతి ఫోటోను 1905లో అచ్చువేశారు. ఈ ప్రచారం కలుషిత ఆహారాన్నీ మోసపు మందులనూ అరికట్టే 1906 నాటి చట్టానికి తోడ్పడింది. అయితే అదే 1905లో, స్త్రీల క్లబ్బుల వల్ల సంసారాలు చెడతాయనీ, ఓటు హక్కు వారికి అనవసరమనీ మాజీ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ రాసిన వ్యాసాలకు పత్రికలో చోటిచ్చినవారూ ఆయనే. కొనుగోలు చేసేవారిగా స్త్రీల బుద్ధిని గౌరవించి, పౌరులుగా దాన్ని శంకించిన ఈ ధోరణి ఆయన ఒక్కరిది కాదు. గృహిణి ఇంటిదగ్గరే ఉండి ఇంటి సరుకులు కొనాలన్న ఏర్పాటులో అది సహజంగానే ఇమిడి ఉంది.

ఇదే కాలంలో ఛాయాచిత్రాలనూ గీసిన బొమ్మలనూ నేరుగా చౌకగా అచ్చువేసే పద్ధతి రావడంతో, ముఖచిత్రం పత్రికకు ప్రాణమయింది. 1890లలో ‘లైఫ్’ అనే హాస్యపత్రికలో చార్లెస్ డానా గిబ్సన్ కలంతో సిరాగీతల్లో గీసిన యువతి ‘గిబ్సన్ గర్ల్’ పేరుతో ఒక తరానికి నమూనా అయింది. పొడవైన మెడ, నెత్తిమీద మేఘంలా పోగుపెట్టిన జుట్టు, సన్నని నడుము, కిందికి వాలిన కనురెప్పల్లో కాస్త పొగరు; ఆమె సైకిలు తొక్కుతుంది, టెన్నిస్ ఆడుతుంది, తనవెంట పడే మగవాళ్ళను ఆటపట్టిస్తుంది. 1903లో ‘కోలియర్స్’ వారపత్రికలో వచ్చిన ఒక బొమ్మలో నలుగురు యువతులు బల్లమీద బొటనవేలంత మగవాణ్ణి నిలబెట్టి, భూతద్దంలో చూస్తూ టోపీ పిన్నుతో పొడుస్తారు. ఈ ధీమా ఆమెను ఓటు కేంద్రానికిగానీ, కర్మాగారానికిగానీ తీసుకుపోదు. ఆమె అధికారమంతా ప్రేమ వ్యవహారాల పరిధిలోనే చెలామణీ అవుతుంది. పత్రిక ముఖచిత్రాల మీద ఒక ముఖ్య గ్రంథాన్ని 2001లో వెలువరించిన పరిశోధకురాలు కేరొలిన్ కిచ్, స్త్రీలు నిజంగా విద్యాలయాల్లోకీ ఉద్యోగాల్లోకీ ఉద్యమాల్లోకీ వస్తున్న సమయంలోనే పత్రికలు ఆ మార్పును ఇలాంటి వినోదపు మూసల్లోకి ఒదిగించాయని వాదించారు. దీనికి భిన్నమైన చూపు లేకపోలేదు. చిత్రకారిణి ఆలిస్ బార్బర్ స్టీఫెన్స్ 1897లో ‘లేడీస్ హోమ్ జర్నల్’కు గీసిన ఆరు బొమ్మల వరుసలో ఇంట్లో, గుడిలో ఉన్న స్త్రీలతో పాటు దుకాణపు కౌంటరు దగ్గర అలసిన ముఖాలతో నిలబడిన అమ్మకపు పిల్లలు కూడా కనిపిస్తారు. గిబ్సన్ బొమ్మకు లేని వాస్తవికత అందులో ఉంది. గిబ్సన్ బొమ్మకు దక్కిన ప్రచారం మాత్రం దానికి దక్కలేదు.

తరువాతి మూడు దశాబ్దాల బొమ్మల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. కోల్స్ ఫిలిప్స్ 1908 నుంచి ‘లైఫ్’ ముఖచిత్రాల్లో, దుస్తుల రంగూ నేపథ్యం రంగూ ఒకటే కావడంవల్ల ముఖం, చేతులు మాత్రమే తేలి మిగతా దేహం వెనుకనున్న రంగులో కలిసిపోయే యువతిని గీశారు; అది చూడచక్కని ఉపాయమే అయినా, అందులో దాగిన వ్యంగ్యం నేటి విమర్శకుల దృష్టిని దాటిపోలేదు. 1920లో ఓటు హక్కు దక్కాక జాన్ హెల్డ్ గీసిన కురచ జుట్టు, పొట్టి గౌను ‘ఫ్లాపర్’ అమ్మాయి రాజకీయాల ఊసే లేకుండా జాజ్ సంగీతానికి చిందులు వేసింది. ఇవన్నీ తెల్లజాతి యువతుల బొమ్మలే. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1910లో సంపాదకుడిగా స్థాపించిన నల్లజాతి హక్కుల పత్రిక ‘ది క్రైసిస్’ ముఖచిత్రాలపై, పెద్ద పత్రికల్లో వంటమనిషిగానో ఆయాగానో మాత్రమే కనబడిన నల్లజాతి స్త్రీ, చదువుకున్న గౌరవనీయురాలిగా దర్శనమిచ్చింది.

పత్రికల్లో స్త్రీ రూపాన్ని ప్రభుత్వమే నేరుగా తీర్చిదిద్దిన ఘట్టం రెండో ప్రపంచయుద్ధం. మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోగా ఖాళీ అయిన పనుల్లోకి స్త్రీలను రప్పించడానికి, 1942లో ఏర్పడిన యుద్ధ సమాచార కార్యాలయం పత్రికలకోసం ఒక ప్రత్యేక విభాగాన్ని నడిపింది. రాబోయే నెలల్లో ఏ పనులకు మనుషులు కావాలో, కథల్లోనూ వ్యాసాల్లోనూ ఏ విషయాలు చొప్పిస్తే మేలో సూచించే మార్గదర్శిని ఒకటి సంపాదకులకూ రచయితలకూ క్రమంగా అందేది. 1943 సెప్టెంబరులో అనేక పత్రికలు ఒకేసారి పనిచేసే స్త్రీల ముఖచిత్రాలతో వెలువడ్డాయి. అంతకు ముందే, ఆ ఏడాది మే 29 నాటి ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ ముఖచిత్రంగా నార్మన్ రాక్‌వెల్ యుద్ధ పరిశ్రమల్లో పనిచేసే స్త్రీకి ప్రతీక అయిన ‘రోజీ’ బొమ్మ గీశారు. బలిసిన కండల చేతులు, ఒడిలో రివెట్లు బిగించే బరువైన యంత్రం, చేతిలో శాండ్‌విచ్, కాలికింద హిట్లర్ పుస్తకం; కూర్చున్న భంగిమ మాత్రం రోమ్‌లోని సిస్టీన్ ప్రార్థనాలయపు కప్పుమీద మైఖేలాంజెలో చిత్రించిన ప్రవక్త యెషయాది. నేడు రోజీ పేరుతో లోకమంతా గుర్తించేది మాత్రం ఈ బొమ్మ కాదు. తలకు ఎర్ర గుడ్డ కట్టుకుని చొక్కా చేయి మడిచే యువతి చిత్రం, జె. హోవర్డ్ మిల్లర్ ఒక విద్యుత్ యంత్రాల కంపెనీకి గీసిచ్చినది; అది 1943లో ఆ కంపెనీ కర్మాగారాల్లో కొన్ని రోజులు వేలాడి మరుగున పడిపోయి, 1980లలో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. యుద్ధకాలపు కండల రోజీ కంటే నాజూకైన ఈ రోజీయే తరువాతి తరానికి నచ్చడం ఆలోచించదగిన సంగతి.

ఆ కాలపు కథలను పరిశోధించి 1984లో ఒక పుస్తకం వెలువరించిన మౌరీన్ హనీ, మధ్యతరగతి చదివే ‘పోస్ట్’లోని కథానాయిక కొత్త పనిలో నేర్పు సాధించే ధైర్యశాలిగా కనిపిస్తే, శ్రామికవర్గ స్త్రీలు చదివే ‘ట్రూ స్టోరీ’లో ఆమె ఎక్కువగా త్యాగమూర్తిగా కనిపించిందని చూపించారు. ఉద్యోగాల్లోని స్త్రీల సంఖ్య 1940లో సుమారు 1 కోటి 20 లక్షలు ఉండగా 1945 నాటికి 1 కోటి 80 లక్షలు దాటింది. అయితే విజయం ఖాయమని తేలిన 1944 నుంచే పత్రికల స్వరం మారడం మొదలయింది. తల్లికోసం ఎదురుచూసే పసిపిల్లలు ప్రకటనల్లో ప్రత్యక్షమయ్యారు. యుద్ధ పరిశ్రమల్లోని స్త్రీలలో నాలుగింట మూడు వంతుల మంది యుద్ధం ముగిశాక కూడా ఉద్యోగం చేయాలనుకుంటున్నారని కార్మికశాఖలోని మహిళా విభాగం జరిపిన సర్వేలోనే తేలినా, ఆ కోరికకు ముఖచిత్రం దక్కలేదు.

యుద్ధానంతర గృహిణి బొమ్మమీద అన్నిటికంటే తీవ్రమైన దాడి ఆ పత్రికలకే రాసి సంపాదించుకున్న ఒక రచయిత్రి నుంచి వచ్చింది. బెటీ ఫ్రీడన్ 1957లో తనతో కళాశాలలో చదివిన స్త్రీలకు ప్రశ్నావళి పంపి, వారి జవాబుల ఆధారంగా రాసిన వ్యాసాన్ని పత్రికలు తిరస్కరించడమో, అర్థం తారుమారయ్యేలా తిరగరాయడమో చేయడంతో, దాన్ని ‘ది ఫెమినిన్ మిస్టీక్’ అన్న పుస్తకంగా పెంచి 1963లో ప్రచురించారు. పాత సంచికలను తిరగేసి ఆమె చెప్పినది ఏమిటంటే, 1930ల చివర కథల్లో కనిపించిన, తన లక్ష్యాన్ని తాను వెతుక్కునే ఉద్యోగిని 1949 తరువాత మాయమై, పిల్లలూ వంటగదీ తప్ప మరో లోకం లేని సంతృప్త గృహిణి ఆ చోటుకు వచ్చింది. ‘మెకాల్స్’ పత్రిక 1954లో కుటుంబమంతా ‘కలిసికట్టుగా’ ఉండటమే తన ఆదర్శమని ప్రకటించుకోవడం ఈ ధోరణికి పరాకాష్ఠ. విడ్డూరమేమంటే, పుస్తకం వెలువడే వేళ అందులోని భాగాలను ప్రచురించినవి ‘మెకాల్స్’, ‘లేడీస్ హోమ్ జర్నల్’ పత్రికలే.

ముప్ఫై ఏళ్ళ తరువాత చరిత్రకారిణి జోవాన్ మేయరోవిట్జ్ ఈ నిర్ధారణను మళ్ళీ పరీక్షించారు. 1946 నుంచి 1958 వరకు ఎనిమిది మాసపత్రికల్లో స్త్రీల గురించి వచ్చిన 489 వ్యాసాలను చదివి, వాటిలో ఇంటి పనిని పొగిడే మాటలతో పాటు రాజకీయాల్లో, వృత్తుల్లో, క్రీడల్లో రాణించిన స్త్రీల జీవితకథలూ సమృద్ధిగా ఉన్నాయని 1993లో ఆమె నిరూపించారు. ఫ్రీడన్ ప్రధానంగా కథలను చదివారు, మేయరోవిట్జ్ వ్యాసాలను చదివారు. కనుక ఇద్దరిలో ఒకరు తప్పని తేల్చనవసరం లేదు. ఒకే సంచికలో కథ ఒక మాట, వ్యాసం ఇంకొక మాట, ప్రకటన మరొక మాట చెప్పగలవు. ఈ మూడింటిలో బేరానికి లొంగనిది ప్రకటన ఒక్కటే, ఎందుకంటే మిగతా రెండింటి ఖర్చూ దానిదే.

1886లో కుటుంబపత్రికగా పుట్టి పాఠకులను పోగొట్టుకుంటున్న ‘కాస్మొపాలిటన్’ను 1965లో చేపట్టిన హెలెన్ గర్లీ బ్రౌన్ ఈ లెక్కను మరోలా వేశారు. పెళ్ళికాని ఉద్యోగినికి సొంత జీతం ఉంది, కోరికలున్నాయి, అడ్డుచెప్పే భర్త లేడు. పాఠకులూ ప్రకటనలూ కూడా వెల్లువలా వచ్చాయి. పెళ్ళికి వెలుపల స్త్రీకి సుఖముందని నిస్సంకోచంగా చెప్పిన ఈ పత్రిక, ఆ సుఖానికి మగవాడి మెప్పునే కొలబద్దగా ఉంచడం వల్ల స్త్రీవాదులకు సగం మిత్రురాలు, సగం శత్రువు అయింది.

1970 మార్చిలో పత్రికల మీద తిరుగుబాటు వాటి కార్యాలయాల్లోకే వచ్చింది. మార్చి 16న ‘న్యూస్‌వీక్’ స్త్రీల తిరుగుబాటు మీద ముఖచిత్ర కథనం వెలువరించిన రోజునే, ఆ పత్రికలోని 46 మంది స్త్రీలు తమకు రచయితల హోదా ఇవ్వకుండా పరిశోధక సహాయకులుగానే ఉంచుతున్నారని ప్రభుత్వ సమాన ఉపాధి సంస్థకు ఫిర్యాదు చేశారు. రెండు రోజుల తరువాత వందమందికి పైగా స్త్రీలు న్యూయార్క్‌లో ‘లేడీస్ హోమ్ జర్నల్’ సంపాదకుడు జాన్ మాక్ కార్టర్ గదిని ఆక్రమించి, పదకొండు గంటలు కదలకుండా కూర్చున్నారు. సంపాదకత్వం స్త్రీకి ఇవ్వాలనీ, ఉద్యోగినుల పిల్లలకు సంరక్షణ కేంద్రం పెట్టాలనీ, స్త్రీలను కించపరిచే ప్రకటనలు మానాలనీ వారి కోరికలు. చివరికి ఆగస్టు సంచికలో ఎనిమిది పుటలు వారి చేతికి వచ్చాయి.

సొంత పత్రిక ప్రయత్నం ఆ వెనువెంటనే మొదలయింది. పెళ్ళయినదీ లేనిదీ తెలియనివ్వకుండా స్త్రీ పేరుకు ముందు వాడే ‘మిజ్’ అన్న సంబోధననే పేరుగా పెట్టుకుని, స్త్రీవాదులు గ్లోరియా స్టైనమ్, డొరతీ పిట్‌మన్ హ్యూస్ తదితరులు తెచ్చిన పత్రిక 1972 వసంతంలో మూడు లక్షల ప్రతులతో బయటికి వచ్చి, ఎనిమిది రోజుల్లో అమ్ముడుపోయింది. మిరియమ్ వాస్క్ గీసిన దాని ముఖచిత్రం భారతీయ పాఠకులకు వెంటనే పోల్చుకోదగినది: కాళికాదేవిని తలపించే నీలిరంగు స్త్రీ, ఎనిమిది చేతులు, ఆ చేతుల్లో ఆయుధాలకు మారుగా టైపురైటరు, ఇస్త్రీపెట్టె, పెనం, గడియారం, టెలిఫోను, అద్దం, కారు స్టీరింగు, దుమ్ముదులిపే కుంచె; కడుపులో బిడ్డ, కళ్ళలో నీళ్ళు. చదువు ముగిశాక 1950ల చివర స్టైనమ్ భారతదేశంలో గడిపిన కాలం ఈ ఊహకు పూర్వరంగం. దేవి చేతులెన్ని ఉంటే శక్తి అంత అని భావించే సంప్రదాయాన్ని తలకిందులు చేసి, చేతులెన్ని ఉంటే చాకిరీ అంత అని చూపడం ఆ బొమ్మలోని చమత్కారం.

నల్లజాతి స్త్రీలకు ప్రత్యేకించిన ‘ఎసెన్స్’ 1970 మేలో మొదలయింది. అప్పటికి పెద్ద పత్రికల తలుపులు కొద్దిగానే తెరుచుకున్నాయి: ‘గ్లామర్’ 1968 ఆగస్టులో, ‘లేడీస్ హోమ్ జర్నల్’ అదే ఏడాది నవంబరులో నల్లజాతి యువతులను ముఖచిత్రానికెక్కించగా, 1892లో పుట్టిన ‘వోగ్’ అమెరికన్ సంచికకు ఆ పని చేయడానికి 1974 ఆగస్టు వరకు పట్టింది.

‘మిజ్’కు ఎదురైన చిక్కు, ఈ వ్యాసంలో మొదటినుంచీ వెంటవస్తున్నదే. సౌందర్య సాధనాల కంపెనీలు తమ ప్రకటన పక్కన అలంకరణ చిట్కాల వ్యాసం ఉండాలనీ, ఆహారపదార్థాల కంపెనీలు వంటకాల పుటలు కావాలనీ షరతులు పెట్టేవని స్టైనమ్ 1990లో ఒక సుదీర్ఘ వ్యాసంలో బయటపెట్టారు. ముఖచిత్రం మీద అలంకరణ లేని సోవియట్ స్త్రీల ముఖాలు వేసినందుకు ఒక కంపెనీ ప్రకటనలు చేజారిన ఉదంతం కూడా అందులో ఉంది. ఆ ఏడాదినుంచి ‘మిజ్’ వాణిజ్య ప్రకటనలు మానుకుని, చందా పెంచి పాఠకుల సొమ్ము మీద నిలబడింది. 2001 నుంచి ఒక లాభాపేక్షలేని స్త్రీవాద సంస్థ దాన్ని నడుపుతోంది. ‘లేడీస్ హోమ్ జర్నల్’ పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. 131 ఏళ్ళ తరువాత, 2014లో యాజమాన్యం దాన్ని మాసపత్రికగా నిలిపివేసినప్పుడు దాని ప్రతులు ఇంకా ముప్ఫై లక్షలకు పైగా అమ్ముడవుతున్నాయి. చదివే స్త్రీలు ఉన్నారు గానీ వారి వయసు పైబడింది. ప్రకటనకర్తలు అంతకంటే చిన్నవారికోసం వెతుక్కుంటూ ఇంటర్నెట్‌కు తరలిపోయారు.